కరటక దమనకులకు అరబ్బీ నేర్పిన లేఖకుడు
(ఇబ్న్ అల్ ముఖఫ్ఫా జీవిత కథ)

మన మారిషస్ పిల్లలలో తాబేలు, రెండు బాతుల కథ తెలియనివారు అరుదు. ఫ్రెంచి పాఠంలో లా ఫోంతేన్ పద్యంగా దానిని అప్పజెప్పే గొంతులు మన ఇళ్లలో తరతరాలుగా వినబడుతూనే ఉన్నవి. తెలుగు బడికి వెళ్లే పిల్లలకు అదే కథ కంబుగ్రీవుడు అనే తాబేలు, రెండు హంసల కథగా మళ్లీ ఎదురవుతుంది. పిల్లలు ఆ రెండింటినీ వేరువేరు గూళ్లలో దాచుకుంటారు. ఒకటి బడి కథ, రెండవది తాతల కథ. కర్రను నోట కరచుకొని ఆకాశాన ఎగిరి, మాట ఆపుకోలేక నేలరాలిన తాబేలు రెండు చోట్లా ఒకటే.

దారిలో కొన్ని మార్పులు జరగకపోలేదు. మన పంచతంత్రంలో తాబేలు కదలడానికి కారణం చెరువు ఎండిపోవడం. ఫ్రెంచి పద్యంలో దానికి పుట్టిన చోట విసుగు పుట్టి, దేశాలు చూడాలని కోరిక కలిగింది. 1830ల నుంచి కోరంగి రేవులో ఓడ ఎక్కి ఈ ద్వీపానికి చేరిన మన పూర్వులను తలచుకుంటే, వారు పంచతంత్రపు తాబేళ్లే గాని లా ఫోంతేన్ తాబేళ్లు కారని మాకు అనిపిస్తుంది. చెరువు ఎండకపోతే ఎవరు కదిలేవారు? ఇక హంసలు బాతులైన సంగతి. సుమారు 1250 సంవత్సరాల క్రితం బస్రా నగరంలో తయారైన అరబ్బీ పుస్తకంలో అవి అప్పటికే బాతులు. ఆ పుస్తకం పేరు కలీలా వ దిమ్నా. అంటే మన కరటకుడూ దమనకుడూ. ఆ రెండు నక్కలకు అరబ్బీ నేర్పి ప్రపంచం మీదికి పంపిన మనిషి పేరు అబ్దుల్లా ఇబ్న్ అల్ ముఖఫ్ఫా. అరబ్బీ చదివిన దేశాలన్నిటా ఆ పేరు తెలియని బడిపిల్లవాడు ఉండడు. మన ఇళ్లలో మాత్రం ఆయన కథ చెప్పేవారు తక్కువ. ఈ ఉగాది సంచికలో దానికి చోటు ఇవ్వడం న్యాయమని తలచాము.

ఆయన పుట్టినది 720 ప్రాంతంలో, పారసీక దేశపు ఫార్స్ సీమలో గూర్ అనే ఊరిలో. నేటి ఇరాన్‌లో దానిని ఫిరోజాబాద్ అంటారు. పెద్దలు పెట్టిన పేరు రోజ్‌బిహ్. మంచిరోజు కలవాడు అని దానికి అర్థం చెప్పుకోవచ్చు. ఇంటి మతం పారసీకుల పాత మతం, ఇంటి భాష పారసీకం. అప్పటికి ఆ దేశపు చివరి సాసానీ చక్రవర్తి హతుడై (651) రెండు మూడు తరాలు గడిచాయి. ఏలికలు అరబ్బులు. అయినా పన్నుల లెక్కలు తెలిసినవారు పాత పారసీక ఉద్యోగి కుటుంబాలే కనుక, కొత్త ప్రభువులకూ వారితోనే పని. రోజ్‌బిహ్ తండ్రి అటువంటి పన్నుల ఉద్యోగి. ప్రభుత్వ ధనం విషయంలో ఆయనపై నేరం మోపారు. ఇరాక్ పాలకుడు హజ్జాజ్ కాలంలో పెట్టిన చిత్రహింసలలో ఆయన చెయ్యి వంకరపోయి ఎండిపోయిందని పాత చరిత్రకారులలో ఎక్కువమంది రాశారు. జనం ఆయనను ముఖఫ్ఫా, అంటే ముడుచుకుపోయిన చేతివాడు అని పిలవసాగారు. ఇబ్న్ అంటే కొడుకు. ఆ అవమానం పేరే కొడుకుకు ఇంటిపేరయినది. అరబ్బీ సాహిత్యంలో అంత గొప్ప పేరు వెనుక ఒక దివాణపు దెబ్బ ఉన్నదన్నమాట.

ఇరాక్ దివాణంలో లెక్కల భాష పారసీకం నుంచి అరబ్బీకి మారినది కూడా ఆ హజ్జాజ్ కాలంలోనే. ఇటువంటి మార్పు ఒక ఇంటిని ఏమి చేస్తుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అన్నం పెట్టే భాష ఒకటి, అమ్మ మాట్లాడే భాష మరొకటి అయినప్పుడు పిల్లవాడు ముందు ఏది నేర్చుకుంటాడో మన తాతలు చూశారు, మనమూ చూస్తున్నాము. ముఖఫ్ఫా కొడుకును చదువుకోసం బస్రాలో ఉంచాడు. ఎడారి తెగలు దిగే ఊరు అది. మిర్బద్ అనే అంగడిలో ఒంటెల బేరాలతో పాటు కవుల పోటీలు కూడా జరిగేవి. తమీమ్ తెగకు చెందిన, మాటకారితనానికి పేరుపడ్డ ఒక కుటుంబం అండన ఆ పారసీక బాలుడు పెరిగాడు. ఎడారివాసుల నోటి నుంచి నిఖార్సైన అరబ్బీ పట్టుకున్నాడు. పాతికేళ్లు వచ్చేసరికి, పుట్టుకతో అరబ్బులైనవారే ఆయన వాక్యం చూసి తమ వాక్యం దిద్దుకొనే స్థితి వచ్చింది.

ఆయన వృత్తి లేఖకుడు. ఆ కాలపు లేఖకుడంటే జాబులు రాసే గుమాస్తా అనుకోకూడదు. పాలకుడి పక్కన కూర్చుని, ఆజ్ఞకు రూపం ఇచ్చి, ఏ మాట ఎవరికి ఎంతవరకు తగలాలో తూచి రాసే మంత్రివంటివాడు. కిర్మాన్ మొదలైన చోట్ల ఉమయ్యా వంశపు అధికారుల దగ్గర ఆయన ఆ కొలువు చేశాడు. 750లో ఆ వంశం కూలిపోయి అబ్బాసీ వంశం గద్దెనెక్కింది. చివరి ఉమయ్యా ఖలీఫా లేఖకుడైన అబ్దుల్ హమీద్ అరబ్బీ వచనానికి ఈయనకంటే ముందు బాట వేసినవాడు, ఈయనకు స్నేహితుడు. ఆయన కోసం సైనికులు వెతుకుతూ వచ్చేసరికి ఇద్దరూ ఒకే ఇంట ఉన్నారని ఒక గాథ ఉన్నది. మీలో అబ్దుల్ హమీద్ ఎవరని అడిగితే, ఇద్దరూ నేనే అన్నారట. తన బదులు మిత్రుడు పోతాడేమోనని భయపడి అసలు అబ్దుల్ హమీద్ తన ఆనవాళ్లు తానే చూపించి పట్టుబడ్డాడట. ఇది ఎంతవరకు చరిత్రో గాని, ఆ ఇద్దరి గురించి జనం ఏమనుకున్నారో దీనివల్ల తెలుస్తుంది.

కొత్త పాలనలో ఆయనకు ఆశ్రయం ఇచ్చినది ఖలీఫా పినతండ్రులలో ఒకడైన ఈసా ఇబ్న్ అలీ. ఆయన చేతుల మీదుగానే రోజ్‌బిహ్ ఇస్లాం స్వీకరించి అబ్దుల్లా అయినాడు. అందరి ఎదుట మతం పుచ్చుకోవలసిన రోజుకు ముందటి రాత్రి భోజనం దగ్గర, పాత ఆచారం ప్రకారం గొణుక్కుంటూ ప్రార్థన చేసి ముద్ద ఎత్తాడట. రేపు మతం మారేవాడివి, ఈ రాత్రి ఇదేమిటని ఈసా ఆశ్చర్యపడితే, ఏ మతమూ లేకుండా ఒక్క రాత్రి కూడా గడపడం తనకు ఇష్టం లేదని సమాధానం చెప్పాడట. ఆయన మార్పు మనస్ఫూర్తి అయినదా కాదా అని తరువాతి వాళ్లు వందల ఏళ్లు వాదించుకున్నారు. ఆ వాదంలోకి మేము దిగము.

ఆయన చేసిన పెద్దపని అనువాదం. అప్పటికి బాగ్దాద్ నగరం ఇంకా పుట్టలేదు. అది 762లో వెలసింది. గ్రీకు శాస్త్రాలను అరబ్బీలోకి తెచ్చిన సుప్రసిద్ధ అనువాద యుగం ఆ తరువాతి మాట. ఈయన దానికి ముందే, తన ఇంటి భాష అయిన పారసీకపు పాత రూపం పహ్లవీ నుంచి గ్రంథాలు ఎత్తి అరబ్బీలో పోశాడు. పారసీక రాజుల చరిత్ర ఒకటి అలా వచ్చింది. రాజుల దగ్గర, మిత్రుల దగ్గర ఎలా మెలగాలో చెప్పే పుస్తకం ఒకటి స్వయంగా రాశాడు. అరబ్బీలో పద్యం అప్పటికే ప్రౌఢమైనది, ఖురాన్ ఉన్నది. కథ చెప్పడానికి, విషయం వివరించడానికి తగిన తేటవచనం మాత్రం ఇంకా స్థిరపడలేదు. దానిని నిలబెట్టిన ఆదిపురుషులలో ఈయన ఒకరు. మన సాహిత్యం కూడా నన్నయగారి మహాభారతానువాదంతోనే కదా తొలి అడుగు వేసింది! ఇంటికి మొదటి దీపం పొరుగింటి దీపంతో వెలిగించుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

కలీలా వ దిమ్నా ఆయనకు ఎలా దొరికిందో చెప్పుకోవాలి. పారసీక చక్రవర్తి ఖుస్రో అనూషిర్వాన్ (531–579) ఆస్థానంలో బుర్జోయ్ అనే వైద్యుడు ఉండేవాడు. ఆయన హిందూదేశం వెళ్లి మన పంచతంత్ర కథలను, మరికొన్ని కథలను సంపాదించి పహ్లవీ భాషలో రాసి తెచ్చాడు. మరికొన్ని అన్నవాటిలో మూడు, మహాభారతం శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు చెప్పినవే. పిల్లితో ఒప్పందం చేసుకొని వలనూ పిల్లినీ కూడా తప్పించుకున్న పలితుడనే ఎలుక కథ అందులో ఒకటి. బిడ్డను పోగొట్టుకొని, రాజు ఎంత పిలిచినా తిరిగిరాని పూజని అనే పక్షి కథ మరొకటి. బుర్జోయ్ తన జీవితం చెప్పుకొనే అధ్యాయం ఒకటి అరబ్బీ పుస్తకం మొదట ఉన్నది. బావిలో వేలాడే మనిషి ఉపమానం అక్కడ వస్తుంది. కింద మహాసర్పం, పట్టుకున్న కొమ్మలను కొరికే తెల్ల ఎలుక, నల్ల ఎలుక, నోటికి అందిన తేనె బొట్టు, ఆ తీపిలో అన్నీ మరచిన మనిషి. స్త్రీపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్పినది ఇదే. కౌరవ వంశం నశించిన నాడు పుట్టిన మాట పారసీక వైద్యుడి పేర అరబ్బీలో వినబడితే ఏ భారత పాఠకుడికైనా ఒళ్లు గగుర్పొడుస్తుంది.

బుర్జోయ్ రాసిన పహ్లవీ ప్రతి ఈనాడు లోకంలో లేదు. ఆయన చేత పట్టుకున్న సంస్కృత ప్రతి అచ్చంగా ఏదో కూడా చూపలేము. పహ్లవీ నుంచి 570 ప్రాంతంలో సిరియాక్ భాషలోకి జరిగిన అనువాదం ఒకటి మాత్రం 19వ శతాబ్దంలో బయటపడింది. తక్కిన లోకానికి ఆ కథలను అందించినది ఇబ్న్ అల్ ముఖఫ్ఫా అరబ్బీ ఒక్కటే. ఆయన అనువదించిన రాజుల చరిత్రకు కూడా పహ్లవీ మూలం నశించింది. ఫిరదౌసి షానామాకు ఆధారమైన కథలు నిలవడంలో అటువంటి అరబ్బీ అనువాదాల పాలు ఉన్నది. తల్లిభాషను విడిచి ఏలికల భాషలో రాశాడని ఆయనను తప్పు పట్టే పారసీకులు ఆనాడు ఉండి ఉండవచ్చు. అయితే ఆయన రాయకపోతే ఆ పుస్తకాలు తల్లిభాషతో పాటే పోయేవి. మనుమలు క్రియోల్‌లో మాట్లాడే ఇళ్లలో, రామాయణాన్ని ఫ్రెంచిలోనో ఇంగ్లీషులోనో చదివి వినిపించవచ్చునా అని పెద్దలు తగాదా పడుతున్నప్పుడు మాకు ఈయన గుర్తుకు వస్తాడు.

ఆయన అనువాదం మాటకు మాట పెట్టినది కాదు. 1030 ప్రాంతంలో మన దేశపు శాస్త్రాలను సంస్కృతంలోనే చదివి గ్రంథం రాసిన అల్ బిరూనీకి ఈ విషయంలో ఆయన మీద కోపం కూడా ఉన్నది. మతాల మీద సందేహాలు పలికే బుర్జోయ్ అధ్యాయంలో ముఖఫ్ఫా కొడుకు తన చెయ్యి కలిపాడని ఆయన అనుమానం. పంచతంత్రాన్ని తాను మళ్లీ అనువదించాలని బిరూనీ కోరుకున్నాడు గాని అది జరగలేదు. పండితుడిగా బిరూనీ కోపం న్యాయమే. అయినా నక్కల సంభాషణను అంత తేటగా చెప్పకపోయి ఉంటే బిరూనీ దాకా ఆ పుస్తకం వచ్చేదా అని మేము అనుకుంటాము.

ఆ పుస్తకానికి ఆయన స్వయంగా ఒక పీఠిక రాశాడు. కథల పైపై మెరుగు చూసి మురిసి ఊరుకోవద్దని అందులో హెచ్చరిక. దానికి ఆయన చెప్పిన పిట్టకథ ఒకటి మన ఇళ్లకు చాలా దగ్గరగా ఉన్నది. ఒకడు మంచి అరబ్బీ మాట్లాడాలని ఆశపడి, తెలిసిన మిత్రుడి చేత ఒక పసుపుపచ్చ కాగితం మీద చక్కని మాటలు రాయించుకున్నాడు. ఇంటికి పోయి అర్థం తెలియకుండానే అంతా కంఠస్థం చేశాడు. పండితుల సభలో నోరు విప్పి తప్పు మాట్లాడాడు. ఎవరో దిద్దబోతే, పచ్చకాగితం మా ఇంట్లో ఉండగా నేను తప్పు మాట్లాడడం ఎలా కుదురుతుందని వాదించాడు. ఈ కథకు నవ్వు వస్తుంది. వెంటనే మన రామభజన పుస్తకాలు గుర్తుకు వచ్చి నవ్వు ఆగిపోతుంది. తెలుగు అక్షరం రాని తరం రోమన్ లిపిలో రాసుకొని, అర్థం సగం తెలిసీ తెలియక, దీపం చుట్టూ తెల్లవార్లూ పాడిన పాటలు అవి. పచ్చకాగితంతో చదువు పూర్తి కాదని లేఖకుడు చెప్పినది నిజమే. ఆ కాగితమైనా ఇంట్లో లేకపోతే అర్థం వెతకడానికి ఏమి మిగిలేది? ఈ ఒక్క విషయంలో ఆయన మాటకు మా చివరి మాట చేర్చుకుంటాము.

ఇక ఆయన అంతం. బస్రాలో ఖలీల్ అనే మహావైయాకరణుడు ఉండేవాడు. అరబ్బీ ఛందస్సుకు లెక్క కట్టినవాడు, తొలి నిఘంటువు మొదలుపెట్టినవాడు. ఈ ఇద్దరూ ఒకసారి కలిసి చాలాసేపు మాట్లాడుకున్నారట. తరువాత ఖలీల్‌ను అడిగితే, ఆ లేఖకుడికి బుద్ధికంటే విద్య ఎక్కువ అన్నాడట. లోకజ్ఞానం చాలదని ఆయన భావం. అది ఎంత నిజమో త్వరలోనే తేలింది.

కొత్త ఖలీఫా మన్సూర్ (754–775) కఠినుడు, జాగ్రత్తపరుడు. రాజ్యాన్ని గట్టిగా కట్టినవాడు. రాజు చుట్టూ ఉండవలసినవారిని గురించి ఇబ్న్ అల్ ముఖఫ్ఫా ఒక విన్నపం రాశాడు. సైనికుల జీతాలు సకాలంలో ఇవ్వాలని, పన్ను ఎంతో ముందే పుస్తకంలోకెక్కాలని, ఒకే తప్పుకు ఒక ఊరి న్యాయాధిపతి ఒకటి, మరొక ఊరి న్యాయాధిపతి మరొకటి తీర్పు చెప్పకుండా అందరికీ ఒకే ధర్మశాసనం రాయించాలని అందులో సలహాలు. తండ్రి చెయ్యి పన్నుల లెక్కల దగ్గర విరిగిందని తెలిసి చదివితే ఆ విన్నపం వేరుగా వినబడుతుంది. ఖలీఫా దానిని అమలు చేయలేదు.

మన్సూర్ పినతండ్రి అబ్దుల్లా ఇబ్న్ అలీ 754లో సింహాసనం తనదంటూ తిరగబడి, ఓడి, బస్రాలో అన్నదమ్ముల చాటున దాగాడు. ఆ అన్నదమ్ములలో లేఖకుడి ప్రభువు ఈసా కూడా ఉన్నాడు. దాగినవాడు బయటికి రావాలంటే ఖలీఫా అభయపత్రం ఇవ్వాలి. దానిని రాసే పని మన లేఖకుడి మీద పడింది. సందు లేకుండా రాశాడు. ఖలీఫా మాట తప్పితే ఆయన భార్యలు ఆయనకు భార్యలు కారని, బానిసలు స్వతంత్రులని, ప్రజలెవరూ ఆయనకు విధేయులై ఉండనక్కరలేదని షరతులు పెట్టాడు. రాజు నోటితో రాజునే శపింపజేసే పత్రం అది. లేఖకుడిగా ఆయన తన పని తాను చేశాడు. అంత గట్టి తాడు పేనితే అది తన మెడకే చుట్టుకోగలదని, నక్కల రాజనీతి అంతా అనువదించినవాడికి తోచలేదా అని ఎవరికైనా అనిపిస్తుంది. తోచి కూడా రాశాడేమో.

ఇది ఎవరు రాశారని మన్సూర్ అడిగాడు. పేరు తెలిసింది. అంతలో బస్రాకు సుఫ్యాన్ అనే కొత్త అధికారి వచ్చాడు. అతడికి ఈ లేఖకుడి మీద పాతపగ ఉన్నది. సుఫ్యాన్ ముక్కు చాలా పెద్దది. సంస్కృతంలోవలె అరబ్బీలో ద్వివచనం ఉన్నది కదా, మన లేఖకుడు అతడికి ఎదురైనప్పుడల్లా ద్వివచనంలో సలాము చేసేవాడట. ఒకటి మనిషికి, ఒకటి ముక్కుకు. నలుగురిలో నవ్వించిన ఆ మాటలు ఇప్పుడు వడ్డీతో తిరిగివచ్చాయి. ఏదో పని మీద అధికారి ఇంటికి వెళ్లిన ఇబ్న్ అల్ ముఖఫ్ఫా మళ్లీ బయటికి రాలేదు. ఒక్కొక్క అవయవం కోసి, మండే పొయ్యిలో వేసి చంపారని పాత గ్రంథాలు చెబుతాయి. ఆ సంవత్సరం 756 అని కొందరు, 759 అని కొందరు లెక్క కడతారు. వయస్సు 40 లోపే.

ఈసా, ఆయన సోదరుడు ఊరుకోలేదు. లేఖకుడు ఆ ఇంట్లోకి వెళ్లడం చూసి, రావడం చూడని సాక్షులను వెంటబెట్టుకొని, సుఫ్యాన్‌ను బంధించి ఖలీఫా ముందుకు తెచ్చారు. మన్సూర్ సాక్షులను ఒక్క ప్రశ్న వేశాడట. మీ మాట నమ్మి సుఫ్యాన్‌ను చంపించిన తరువాత, చనిపోయాడన్న మనిషి ఇదిగో ఈ తలుపులోంచి నడిచి వస్తే మిమ్మల్ని ఏమి చేయమంటారు అని. సాక్షులకు అర్థమయింది. అందరూ సాక్ష్యం వెనక్కు తీసుకున్నారు. విచారణ అంతటితో సరి. అభయపత్రం పొందిన అబ్దుల్లా సంగతి చెప్పాలంటే, ఆయనను కూడా చెరలో పెట్టారు. 764లో ఉన్న ఇల్లు మీద కూలి మరణించాడు.

రాసినవాడు పోయాడు గాని పుస్తకం ఆగలేదు. 11వ శతాబ్దంలో గ్రీకు, 12వ శతాబ్దంలో మళ్లీ పారసీకం, 1251లో స్పానిష్. హీబ్రూ మీదుగా 13వ శతాబ్దంలోనే లాటిన్‌లోకి పోయింది. లాటిన్ నుంచి జర్మన్, ఇటాలియన్, దాని నుంచి 1570లో ఇంగ్లీషు. అక్బరు కోరిక మీద అబుల్ ఫజల్ 1588లో సులభమైన పారసీకంలో మరొకసారి రాశాడు. అంటే వెయ్యేళ్లు తిరిగి నక్కలు పుట్టింటికి వచ్చాయి. అప్పటికి తెలుగులో దూబగుంట నారాయణకవి పంచతంత్రం రాసి నూరేళ్లయినది. ఆ రెంటికీ పరిచయం లేదు.

ఫ్రెంచి దారి మనకు ముఖ్యం. పారసీకం నుంచి 1644లో పారిస్‌లో ఒక అనువాదం అచ్చయింది. లా ఫోంతేన్ దానిని చదివాడు. 1678లో వెలువడ్డ తన రెండవ సంపుటం ముందుమాటలో, అందులో చాలా కథలకు పిల్‌పే అనే హిందూదేశపు జ్ఞానికి తాను ఋణపడ్డానని ఒప్పుకున్నాడు. అరబ్బీ కథలో రాజుకు ఈ కథలన్నీ చెప్పే జ్ఞాని బైదబా. ఆ పేరే నలిగి నలిగి పిల్‌పే అయినది. అరబ్బీలో రాసినవాడి పేరు ఆ ఒప్పుకోలులో లేదు. పాలకుండ నెత్తిన పెట్టుకొని పగటికలలు కనే పెరెత్ కూడా మనకు చుట్టమే. మన పంచతంత్రంలో పేలపిండి కుండను కాలితో తన్నుకున్న బ్రాహ్మణుడు, అరబ్బీలో నెయ్యీ తేనే ఉన్న కుండను కర్రతో పగలగొట్టుకున్న సన్యాసి అయినాడు. ఫ్రాన్సు చేరేసరికి పాలమ్మే పల్లెపడుచు అయినది. పాము నుంచి పసిబిడ్డను కాపాడి అన్యాయంగా చచ్చిన ముంగిస అయితే అరబ్బీలో ఆ దేశపు ముంగిసవంటి జంతువై, ఐరోపాలో కుక్క అయినది. మాకు ముంగిసే ఇష్టం.

ఒక అధ్యాయం గురించి ఇంతవరకు చెప్పలేదు. 1853లో వెలువడ్డ చిన్నయసూరి నీతిచంద్రికలో మిత్రభేదం చదివినవారికి దాని ముగింపు తెలుసు. దమనకుడు చాడీలు చెప్పి సింహానికీ ఎద్దుకూ వైరం పెట్టాడు. సింహం చేతిలో సంజీవకుడు చచ్చాడు. దమనకుడు రాజును ఓదార్చి హాయిగా ఉన్నాడు. మన పంచతంత్రంలో ఆ కథ అంతే. అరబ్బీ పుస్తకంలో మాత్రం దాని తరువాత ఇంకొక పెద్ద అధ్యాయం ఉన్నది. అది దిమ్నా విచారణ. ఏ సంస్కృత ప్రతిలోనూ, ఆ పాత సిరియాక్ అనువాదంలోనూ అది కనబడదు కనుక, రాసినది ఇబ్న్ అల్ ముఖఫ్ఫాయే అని పండితులలో ఎక్కువమంది అంటారు.

ఎద్దును చంపిన తరువాత సింహానికి పశ్చాత్తాపం పట్టుకుంటుంది. ఒక రాత్రి చిరుతపులి ఆ దారిన పోతూ, కలీలా దిమ్నాను నిలదీయడం చాటున వింటుంది. విన్నది సింహం తల్లికి చెబుతుంది. తల్లి పట్టుబడుతుంది. దిమ్నాను సభకు పిలుస్తారు. వెంటనే శిక్షించరు. నిందితుడు మాట్లాడతాడు, గొప్పగా మాట్లాడతాడు. అనుమానం మీద ప్రాణం తీయరాదని వాదిస్తాడు. మొహం చూసి దోషి అని తేల్చబోయిన వంటశాల అధికారిని నోరు మూయిస్తాడు. చెప్పిన మాటలన్నీ రాయించి రాజుకు చూపిస్తారు. మిత్రుడి పాపానికి కుమిలి కలీలా ప్రాణం విడుస్తాడు. చిరుత ఒక సాక్షి. చెరసాలలో మాటలు విన్న మరొక మృగం రెండవ సాక్షి. సాక్ష్యాలు కుదిరిన మీదటనే దిమ్నాకు మరణశిక్ష పడుతుంది. అనువాదకులలో కొందరు ఈ అధ్యాయం చాలా పొడుగని కుదించారు. మేము చదివినంతలో పుస్తకం మొత్తానికి ఇదే రుచి. దోషి అయినవాడి చేత కూడా అంత మంచి వాదన చేయించడానికి ధైర్యం కావాలి.

ఈ విచారణలో చిన్న పాత్ర ఒకటి ఉన్నది. కలీలాకు మిత్రుడైన ఇంకొక నక్క, సింహం కొలువులో పరపతి ఉన్నది. కలీలా చావు కబురు చెరసాలకు తెచ్చేది అదే. ఏడుస్తున్న దిమ్నాకు తోడుగా నిలిచి, సభలో ఎవరు ఏమన్నారో రోజూ వచ్చి చెప్పే పని పెట్టుకుంటుంది. ప్రచారంలో ఉన్న అరబ్బీ ప్రతులలో ఆ నక్కకు ఒక పారసీక పేరు పెట్టారు. దాని పేరు రోజ్‌బిహ్.